మోదుగు చెట్టుకు నేను పెట్టిన ఆకులు

నా ఆరో నంబరు బ్రష్ మీద ఒట్టు, ఇందులో రాసిన ప్రతి మాటా నిజం. దేవుళ్ల మీద ఒట్టు పెట్టుకోవడం నాకు కుదరదు. వాళ్ల బొమ్మలు చాలా వేశాను, ఎవరికి ఏ చెయ్యి మరిచిపోయానో వాళ్లకు గుర్తుండే ఉంటుంది. బ్రష్ సంగతి అట్లా కాదు. ఏళ్ల తరబడి నా చేతిలోనే ఉంది, నేను చేసిందంతా దగ్గరుండి చూసింది. నేను అబద్ధం ఆడితే దాని వెంట్రుకలన్నీ రాలిపోవాలి.

మాది చొప్పదండి. నేను బోర్డులు రాసే పెయింటర్‌ని. ఇట్లా చెప్తే ఇప్పటి పిల్లలు, బోర్డులు రాయడం ఏమిటి, అవి దుకాణంలో దొరుకుతాయి కదా అన్నట్టు చూస్తారు. నిజమే, దొరుకుతాయి. బజారులో తల ఎత్తితే ఆకాశం కంటే ముందు ఫ్లెక్సీ కనిపిస్తుంది. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పోయిన రోజుకు ఫ్లెక్సీ. రెంటిలోనూ అదే ఫొటో, అవే నల్లద్దాలు. కింద అక్షరాలు చదివితే గానీ ఆయన కేకు కోస్తున్నాడో కాటికి పోయాడో తెలియదు.

ఆ ఫ్లెక్సీలు కొట్టే దుకాణం మా బావది. మా అక్క మొగుడు. ఒకప్పుడు నాతోపాటే నిచ్చెన ఎక్కి బోర్డులు రాసినవాడు. ఆయన రాసిన అక్షరాలు బస్సు అందుకోవడానికి పరుగెత్తుతున్నట్టు అన్నీ ఒకవైపు వాలిపోయేవి. యంత్రం కొన్నాక నిటారుగా నిలబడ్డాయి. అది యంత్రం గొప్పతనం. ఆయన మాత్రం తన గొప్పతనమే అనుకుంటాడు.

"బామ్మర్దీ, ఇగ ఎన్నొద్దులు నిచ్చెన మోస్తవు? నీ మోకాళ్లు సప్పుడు జేస్తున్నయి, నాకీడికి ఇనవడుతుంది. నా దుకాన్ల కుర్సీ ఉన్నది, ఫ్యానున్నది. కంప్యూటర్ ముందట కూసోని ఒత్తుడే పని" అనేవాడు కనిపించినప్పుడల్లా.

"నా చెయ్యి ఒత్తుటానికి పుట్టలే బావా, గీసుటానికి పుట్టింది."

"ఏడ గీస్తవు? గోడలన్నీ నేనే కప్పితి గద!"

ఇదీ మా ఇద్దరి రోజువారీ పలకరింపు. అది పందెం దాకా వెళ్లింది ఒక ఫిబ్రవరిలో. ఉట్నూరు దాటి లోపలికి వెళ్తే రోడ్డు పక్కన ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. దాని వార్డెన్ కరీంనగర్ టౌన్ మనిషి, పాత పరిచయం. హాస్టల్ ముందు గోడ మీద వసంతకాలం చెట్టు బొమ్మ కావాలని, శనివారం పై ఆఫీసు నుంచి పెద్దసారు చూడటానికి వస్తున్నాడని నాకు ఫోన్ చేశాడు. అదే నోటితో మా బావకు కూడా ఫోన్ చేసి, పెయింటర్ పని నచ్చకపోతే గోడ నిండా కట్టడానికి ఒక ఫ్లెక్సీ సిద్ధం చేసి పెట్టమన్నాడు. పెళ్లికొడుకుతో పాటు ఇంకో పెళ్లికొడుకుని కూడా బస్సెక్కించే మనిషి అన్నమాట.

బావకు ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. మా అక్క ముందే అన్నాడు. "ఇను బామ్మర్దీ. నువ్వేసిన బొమ్మ గా గోడ మీద నిలిస్తే ఇగ జల్మల నిన్ను నా దుకాన్లకు పిలువ. పెద్దసారు ఒద్దన్నడా, దాని మీద సున్నం కొట్టి నా ఫ్లెక్సీ కడుతం. సోమారం పొద్దుగాల నువ్వొచ్చి నా కుర్సీల కూసుంటవు. బ్రష్‌లన్నీ అటక మీదికి. సరేనా?"

"సరే" అన్నాను.

మా అక్క ఇద్దరినీ చూసి, "నేనిన్న" అని మాత్రం అంది. మా అక్క విన్న మాటను వెనక్కి తీసుకోవడం మా వంశంలో ఇంతవరకు ఎవరివల్లా కాలేదు.

బుధవారం ఉట్నూరు బస్సు దిగి జీపెక్కాను. జీపులో మనుషులు ఎంతమందో లెక్కపెట్టడానికి నా తల తిరగలేదు, ఎందుకంటే దానిమీద ఒకాయన మోచెయ్యి ఉంది. మూడు మేకలు కూడా ఎక్కాయి. ఆ ప్రయాణంలో ఊపిరాడింది పైన కట్టిన నా నిచ్చెనకు ఒక్కదానికే.

హాస్టల్ గేటు దగ్గరే వార్డెన్ సారు ఎదురొచ్చి, మంచినీళ్ల కంటే ముందు తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. అందులో ఒక చెట్టు. చెట్టంటే చెట్టు కాదు, జాతరలో అమ్మే పీచుమిఠాయిని కర్రకు చుట్టినట్టు గులాబీ రంగు ముద్ద. కింద నది. వెనక మంచుకొండ.

"వసంతమంటె గిట్లుండాలె పెయింటర్. జపాన్ల చెట్టట. సూస్తె పానం సల్లగైతలేదా? రంగు గూడ తెప్పిచ్చిన" అని గోడ పక్కన పెట్టిన గులాబీ రంగు డబ్బా చూపించాడు. అంత పెద్ద డబ్బా నేను నా జన్మలో వాడలేదు. ఆ గులాబీ రంగు మా దగ్గర బట్టల దుకాణాల గోడలకూ, కొత్తగా కట్టిన ఫంక్షన్ హాళ్లకూ తప్ప దేనికీ పనికిరాదు. అడవి మధ్యలో కొలువు చేస్తూ వసంతం ఎట్లా ఉంటుందో ఫోన్‌లో వెతుక్కున్న మనిషిని ఏమనాలి? ఆయన కిటికీ తెరిచి ఉంటే నెట్ ఖర్చు కూడా మిగిలేది.

నేను ఆయన కళ్లలోకి సూటిగా చూశాను. ఫోన్ తిరిగి ఇచ్చేశాను. అన్నాను గదా:

"సారూ, గీ చెట్టు ఈడ మొలువది. గీ మంచు ఈడ పడది. రోడ్డవుతల సూడున్రి, అడివంత మోత్కు పూసింది. మనకు గదే వసంతం. గోడ మీద గదే ఏస్త. మనసుకొస్తె ఉంచున్రి, రాకుంటె సున్నం కొట్టున్రి."

మోత్కు అంటే మోదుగే. మా దిక్కు అట్లాగే అంటారు. ఒక వార్డెన్‌తో అంత సూటిగా మాట్లాడిన పెయింటర్ ఈ రెండు జిల్లాల్లో ఇంకొకడు ఉండడు. ఆయన "నీ ఇష్టం, శనివారం దాక టైమున్నది" అని లోపలికి వెళ్లిపోయాడు. వాకిట్లో హాస్టల్‌కు వంట చేసే ఆమె బియ్యం ఏరుతూ కూర్చుని ఉంది. ఆమె తల కూడా ఎత్తలేదు, ఒక్క మాట కూడా అనలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. గులాబీ డబ్బా మూత తియ్యకుండా మూలకు నెట్టేశాను. ఆ రోజు మిగతా పగలంతా గోడకు అడుగు కోటు వేయడంతోనే సరిపోయింది.

గురువారం పొద్దున్నే నిచ్చెన వేశాను. మోదుగు నాకు తెలియకపోవడమా! పుట్టిన దగ్గర్నుంచి ఏ పెళ్లికి పోయినా, ఏ దినానికి పోయినా, బంతిలో కూర్చోగానే ముందు పడేది మోదుగాకు విస్తరే. మూడేసి ఆకులు, గుండ్రటి అంచు, మధ్యలో లావుపాటి ఈనె, పక్కకు చీలే సన్న ఈనెలు. పప్పుచారు కారకుండా ఏ ఈనెకు ఎటువైపు కట్ట కట్టాలో కూడా తెలుసు. ఆ తెలివి అంతా గోడ మీద పెట్టాను. నిటారుగా మొద్దు వేసి, దానిమీద పచ్చగా, దట్టంగా, నిగనిగలాడేట్టు ఆకులు దించాను. ఆకుల మీద అక్కడక్కడా ఎర్రటి పూలగుత్తులు పెట్టాను. అలవాటు ప్రకారం ప్రతి పువ్వుకూ కుడిపక్కన, కింద నల్లటి నీడ కొట్టాను. బోర్డు పెయింటర్‌కు అది కిళ్లీ నమలడం లాంటిది. అక్షరానికి నీడ లేకపోతే బట్టల్లేకుండా నిలబెట్టినట్టు ఉంటుంది మాకు.

మధ్యాహ్నం ఒక మేక వచ్చి నా ఆకులను నాకింది. మీరు నమ్మరని తెలుసు. కాసేపు ఆలోచించి రెండోసారి కూడా నాకింది. అంతకంటే పెద్ద మెప్పు నాకు ఏ మనిషీ ఇవ్వలేదు. వార్డెన్ సారు నాలుగుసార్లు వచ్చి, గోడను ఫొటో తీసుకుని, "లెస్సగున్నది, నిజం చెట్టు లెక్కనే ఉన్నది" అన్నాడు. మేక, వార్డెన్, నేను, ముగ్గురం సంతోషంగా ఉన్నాం.

పొద్దుగూకే వేళకు వంటామె రోడ్డు దాటి వచ్చింది. నెత్తిమీద గంప, గంప నిండా మోదుగు పూలు. హోళీకి ఆ పూలు ఉడికించి రంగు తీస్తారు. గంప దించి, చీరకొంగుతో మొహం తుడుచుకుని, గోడ ముందు నిలబడింది. ఆ దిక్కు పెద్దవాళ్లయిన ఆడవాళ్లను బాయి అంటారు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ని. ఆమె నన్ను దాదా అనేది.

"దాదా, గిదేం చెట్టు?"

"మోత్కు చెట్టు బాయీ. కనవడ్తలేదా?"

"ఆకులు సూస్తె మోత్కే. పూలు గూడ జర మోత్కు లెక్కనే ఉన్నయి. గని రెండు ఒక్కపారి ఎట్లొచ్చినయి?"

"చెట్టన్నంక ఆకులుండయా?"

ఆమె నవ్వింది. మొదట మర్యాదగా నవ్వింది. తర్వాత గంప మీద చెయ్యి ఆనించుకుని నవ్వింది. "ఎనుకకు మర్రు" అంది.

తిరిగాను. రెండు రోజులుగా నా వీపు వెనకే ఉన్న అడవిని అప్పుడు చూశాను. నల్లటి వంకర కొమ్మలు, పొయ్యిలోంచి తీసిన కట్టెల్లాగా. ప్రతి కొమ్మ చివర దాకా పూలు, పొడుగునా మండుతున్నట్టు. మైనాలు వాటి మీద పోట్లాడుకుంటున్నాయి. ఆకు లేదు. ఒక్కటి, మాటవరసకు కూడా లేదు. మోదుగు పూసేటప్పుడు ఆకులన్నీ రాల్చేసుకుంటుంది. ఈ ముక్క ఆ దిక్కున పాకే పిల్లకు కూడా తెలుసు.

"మీ దిక్కోళ్లకు మోత్కాకుల తినుడే ఎరుక, చెట్టును సూసుడు ఎరుక లేదు" అంది బాయి.

"ఎందుకు సూడం బాయీ, బస్సులకెల్లి సూస్తం."

"ఏం సూస్తరు. తినేటప్పుడు మీరు తలకాయ పైకెత్తరు."

అయినా పెయింటర్ నోరు ఊరుకోదు కదా. "వార్డెన్ సారు మంచిగుందన్నడు. పెద్దసారు పట్నమాయన, ఆయనకేం తెలుస్తది? గిట్లనే ఉంచుత" అన్నాను. పందెం గెలవడానికి ఆ గోడ సరిపోతుంది. కుర్చీ తప్పుతుంది. అది చాలు.

"సార్లు ఒక్కపారి సూసి పోతరు. పిల్లలు దినాం సూస్తరు" అని గంప ఎత్తుకుంది. లోపల అప్పటికే అమ్మాయిలు కిటికీల దగ్గర చేరి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని నా విస్తరాకుల చెట్టును చూస్తున్నారు. నా బొమ్మను చూసి ఏడ్చినవాళ్లు ఉన్నారు గానీ ఇట్లా నవ్వినవాళ్లు అంతకుముందు లేరు. రాత్రి అన్నం సహించలేదు. అదీ మోదుగాకు విస్తరిలోనే పెట్టింది బాయి. కావాలనే పెట్టిందని నా అనుమానం.

శుక్రవారం చీకట్లు విడవక ముందే లేచి ఆకులు చెరపడం మొదలుపెట్టాను. పచ్చరంగంత మొండిది ఇంకొకటి లేదు. పైన ఒక కోటు వేస్తే తొంగి చూస్తుంది, రెండో కోటు వేస్తే దిగులుగా చూస్తుంది. ఒక పెద్ద పెళ్లికి సరిపడా విస్తర్లు ఆ పొద్దు నా చేత్తో నేనే మాయం చేశాను. మొద్దును వంచాను, కొమ్మలను మెలితిప్పాను. ఇక పూలు. బాయి ఒక పువ్వు తెచ్చి నా అరచేతిలో పెట్టింది.

"గిది సూడు. చిలుక ముక్కు లెక్క వంగిందా? గీ కిందిది సూడు, నల్ల మఖ్మల్."

చూశాను. పువ్వు మొదట్లో చిన్న గిన్నెలాంటి తొడిమ, ముట్టుకుంటే మెత్తగా, నల్లగా. నేను తల ఎత్తి గోడ వైపు చూశాను. నిన్న అలవాటుకొద్దీ ప్రతి పువ్వుకూ కుడిపక్కన కింద కొట్టిన నల్లటి నీడలు అక్కడే ఉన్నాయి. ఒక్కొక్కటీ తొడిమ అయి కూర్చోవడానికి సిద్ధంగా ఉంది. తెలివి చేసిన పనంతా చెరపాల్సి వచ్చింది, అలవాటు చేసిన తప్పు మాత్రం పనికొచ్చింది. నీడలన్నీ ఒకే పక్క కొట్టాను కాబట్టి ఆ గోడ మీది పూలన్నీ ఒకే దిక్కుకు ముక్కు తిప్పి ఉంటాయి, ఎడమవైపు నుంచి ఎవరో పిలిచినట్టు. ఇంకే మోదుగు చెట్టూ అట్లా ఉండదు. దానికి నేనేం చెయ్యను?

రంగు దగ్గర బాయి నన్ను చంపింది. ఎరుపులో పసుపు కలిపి రేకు ముక్క మీద పెట్టి చూపిస్తే, పువ్వును పక్కన పెట్టి చూసేది.

"గిది మిరపకాయ."

ఇంకొంచెం పసుపు కలిపాను.

"గిది పసిరికలొచ్చినోని కన్ను."

పసిరికలంటే కామెర్లు. ఈసారి ఎరుపు కలిపాను.

"గిది ఇటుక. ఇల్లు గడుతున్నవా దాదా?"

పొయ్యి మీద పప్పు మాడిపోతుందని లోపలికి పోయేది, మళ్లీ వచ్చి ఇంకొకటి అనేది. మధ్యాహ్నం దాటాక ఒక చుక్క చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడం కోసమే నేను అన్ని చివాట్లు తిన్నానని అప్పుడు తెలిసింది. వెలుతురు ఉన్నంతసేపూ ఆ రంగు దించుతూనే ఉన్నాను.

శనివారం పెద్దసారు వచ్చాడు. మా బావ ఆయన కంటే ముందే వచ్చాడు, ఫ్లెక్సీని చాపలా చుట్టి చంకలో పెట్టుకుని. కొలత కోసమన్నట్టు ఒకసారి అడుగులు వేసుకుంటూ గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాడు. మా అక్క రాలేదు గానీ ఆమె విన్న మాట మాత్రం మా ఇద్దరి మధ్యా నిలబడి ఉంది.

పెద్దసారు దండ వేయించుకుని, గోడకు వీపు పెట్టి నిలబడి ఫొటో దిగాడు. ఆయన తల వెనక నుంచి నా కొమ్మలు రెండు అటూ ఇటూ లేచి, అడవి దున్న సన్మానం చేయించుకుంటున్నట్టు ఉంది. తర్వాత ఇటు తిరిగి, నల్లద్దాలు పైకి నెట్టి గోడను చూశాడు.

"ఏమయ్యా, పని పూర్తి కాలేదా? ఆకులేవి?"

నిన్న పొద్దంతా వందల ఆకులు చెరిపిన చెయ్యి ఇది! వార్డెన్ సారు వెంటనే, "ఏసేస్తడు సార్, ఇప్పుడే ఏసేస్తడు, లేకుంటె ఫ్లెక్సీ గూడ రెడీ ఉన్నది సార్" అన్నాడు. మా బావ చంకలోని చుట్టను కిందికి దించి, కట్టిన తాడు ముడి మీద వేలు పెట్టాడు. ఆకులు వేస్తే గోడ నిలుస్తుంది, పిల్లలు నవ్వుతారు. వెయ్యకపోతే కుర్చీ, ఫ్యాను. నేను ఆరో నంబరు బ్రష్‌ను గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.

వరండాలోంచి బాయి గొంతు వచ్చింది. "సారూ, ఎనుకకు మర్రున్రి."

పెద్దసారు తిరిగాడు. ఆయన్తో పాటు వచ్చినవాళ్లంతా తిరిగారు. రోడ్డవతల అడవి ఉన్నదున్నట్టు పూసి నిలబడి ఉంది. కిటికీల వెనక ఆడపిల్లలు ఇక ఆపుకోలేకపోయారు. పెద్దసారు కాసేపు అడవిని చూశాడు, కాసేపు గోడను చూశాడు, అద్దాలు మళ్లీ కిందికి దించుకున్నాడు.

"ఊఁ. ఉండనియ్యండి" అని భోజనానికి లోపలికి పోయాడు. అక్కడ విస్తరి ముందు కూర్చుని, "ఇదేం ఆకు?" అని అడిగాడట. ఒట్టు.

మా బావ ఫ్లెక్సీని బాయికే ఇచ్చేశాడు. ఇప్పుడు అది వంటింటి వెనక కట్టెల మీద కప్పి ఉంది. వాన ఆగుతుంది. ఫ్లెక్సీ గురించి నేను చెప్పగల మంచిమాట ఇదొక్కటే. జీపు కోసం నిలబడినప్పుడు బావ గోడ వైపు చూస్తూ, "మంచిగొచ్చింది బామ్మర్దీ. ఇగ నిన్ను పిలువ. గని గా కింది మూలకు గులాబి రంగు కనవడుతుందేంది?" అన్నాడు.

"పొద్దుగాల్టి మంచు బావా. చెట్టు కింద మంచు గట్లనే ఉంటది."

ఆయన నమ్మాడు. ఫ్లెక్సీ కొట్టేవాళ్లు ఏదైనా నమ్ముతారు.

ఇక బ్రష్ సంగతి. మొన్నటి వానాకాలం నుంచి నా ఆరో నంబరుకు వెంట్రుకలు రాలడం మొదలైంది. గీత గీస్తే గోడకు మీసాలు మొలుస్తున్నాయి. అందుకని చెప్పేస్తాను. మేక నిజం, రెండుసార్లు నాకడమూ నిజం. ఆకులు వేసింది నిజం, అది కల్పించిందైతే ఎంత బాగుండేదో. కల్పించింది బుధవారం సంగతి.

వార్డెన్ ఫోన్ చూపించినప్పుడు నేను ఆయన కళ్లలోకి చూడలేదు. "మస్తున్నది సారూ" అన్నాను. గులాబీ డబ్బా మూత తీశాను. పగలంతా వేసిన అడుగు కోటు అదే: గోడ కింది సగం గులాబీ పూలు, ఒక నది, మంచుకొండకు మొదటి గీత. బియ్యం ఏరుతున్న బాయి చాట పక్కన పెట్టి లేచి వచ్చి, వార్డెన్ మొహం మీదే ఆ మాటలన్నీ అంది. ఈ చెట్టు ఈడ మొలువదని, ఈ మంచు ఈడ పడదని, మనసుకొస్తె ఉంచున్రి, రాకుంటె సున్నం కొట్టున్రి అని. ఆమె "ఏయమనున్రి" అంటే నేను "ఏస్త" అని మార్చి నా నోట్లో పెట్టుకున్నాను, అంతే తేడా. వార్డెన్ ఆమెను కొలువులోంచి తీసేస్తానని అరిచాడు. ఆ అరుపులు అయిపోయేదాకా నేను నిచ్చెన మీద, చేతిలో గులాబీ బ్రష్‌తో, ఏదీ విననట్టు ఒక రేకకు అంచు దిద్దుతూ కూర్చున్నాను. ఆయన కోపం తగ్గి "ఏదన్న ఏసుకో పో" అన్నాక దిగి, డబ్బా మూత పెట్టి, ఆ గులాబీ మీద తెల్లరంగు కొట్టాను.

ఈ సంవత్సరం హోళీ ముందర మళ్లీ వెళ్లాను. చెట్టు బాగానే ఉంది. కింది మూలలో వాన కొట్టిన చోట గులాబీ రంగు జానెడు మేర పైకి తేలింది. బాయి గంప దించుకుంటూ, "దాదా, నీ జపాన్ బయటికొస్తుంది" అంది. ఇంకో కోటు వేస్తానని బ్రష్ తీశాను. దానికి పట్టుమని పది వెంట్రుకలు కూడా లేవు.